పచ్చడి సీసాలో డీజిల్

బావా,

కారు డీజిల్ ఫిల్టర్ ఇంట్లో మార్చుకోవచ్చా అని ఒక్క ముక్క అడిగావు. నిక్షేపంగా మార్చుకోవచ్చు, మొన్నే నేను మార్చాను. కానీ ఎందుకు మార్చాల్సి వచ్చిందో వింటే నవ్వుతావు.

చెరువు గట్టు మీద జనరేటర్ కోసం డీజిల్ డ్రమ్ము ఉంటుంది కదా, కరెంటు పోతే చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పడానికి. పాలకొల్లు వెళ్లాలి, కారేమో రిజర్వులో ఉంది. బంకు దాకా ఎవడు పోతాడని ఆ డ్రమ్ములోంచి ఐదు లీటర్లు పోసేశాను. దిండి దాటి చించినాడ వంతెన ఎక్కుతున్నానో లేదో, బండి దగ్గడం మొదలెట్టింది. ఎక్సిలేటర్ తొక్కితే పైకి లాగదు. మీటర్లో పసుపు లైటు, ఫిల్టర్ బొమ్మ కింద నీటి చుక్కలు. వెంటనే ఆపేశాను. బాబాయి ట్రాక్టర్ తెచ్చి తాడు కట్టి మలికిపురం దాకా లాక్కొచ్చాడు. దారిపొడవునా పరామర్శలే. కారుని కూడా దమ్ముకి దింపుతున్నావా అని ఒకాయన ఎటకారం.

డ్రమ్ములోకి నీళ్లెలా వచ్చాయో తెలుసా? మూత బిగించే ఉంది. కానీ డ్రమ్ము నిలబెట్టి ఉంది, వాన నీళ్లు పైన అంచు లోపల నిలిచాయి. పగలు ఎండకి లోపలి గాలి వేడెక్కి మూత సందులోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే డ్రమ్ము మళ్లీ గాలి పీల్చుకుంటుంది, ఆ పీల్చుకోవడంలో మూత చుట్టూ ఉన్న నీళ్లు కూడా లోపలికి పోతాయి. గుటకలు వేసినట్టే. డీజిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. నేను గొట్టం అడుగుదాకా దింపి తోడాను!

ముందు మెకానిక్‌ని పిలిచి ట్యాంకు ఖాళీ చేయించి కడిగించాను. నీళ్లు పడ్డ బండికి ఒక్క ఫిల్టర్ మారిస్తే సరిపోదు. ఫిల్టర్ మాత్రం నేనే మారుస్తానన్నాను. వాడు ఒకలా చూశాడనుకో.

పని చెబుతాను. ఇంజన్ బాగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ వైరు తీసెయ్. ట్యాంకు మూత ఒకసారి తిప్పి ఒత్తిడి వదులు. చుట్టుపక్కల చుట్టా బీడీ ఉండకూడదు, మీ మామయ్యని ముందే అరుగు మీదకి పంపెయ్. ఫిల్టర్ చుట్టూ మట్టి శుభ్రంగా తుడిచాకే చెయ్యి పెట్టు. అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఇదే. ఇప్పటి కామన్ రైలు ఇంజన్లో, అంటే ఒకే గొట్టంలోంచి అన్ని సిలిండర్లకీ డీజిల్ అందేదాంట్లో, అది వెయ్యి బార్ పైన ఒత్తిడితో పోతుంది, కంటికి కనపడని ఇసుక రేణువు చాలు డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ పాడవడానికి. ఏ గొట్టం ఎక్కడిదో విప్పకముందే ఫోటో తీసుకో. క్లిప్పు రెండు పక్కలా నొక్కి, కొంచెం అటూ ఇటూ తిప్పి లాగితే గొట్టం వస్తుంది. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తావో, ప్లాస్టిక్కు పుటుక్కుమంటుంది.

పాత ఫిల్టర్ కింద మర వదులు చేసి, అందులోది అమ్మ పచ్చడి సీసాలోకి పట్టాను. పావుగంట ఆగి చూస్తే పైన తేనె రంగు డీజిల్, అడుగున మూడు వేళ్ల మందం నీళ్లు. రెండింటి మధ్యా జిగురు జిగురుగా గోధుమ రంగు పొర, గంజి మీద మీగడలా. అది మట్టి కాదు బావా, నీళ్లూ డీజిలూ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవులట. డీజిల్ తిని బతికే జీవాలు కూడా ఉన్నాయంటే చూడు.

నీటి సెన్సార్ పాత ఫిల్టర్‌కే ఉంటే పారెయ్యకు, విప్పి కొత్తదానికి పెట్టు. ఓ-రింగు, అదే రబ్బరు వాషరు, మాత్రం కొత్తది వేసి, దానికి కాస్త డీజిల్ రాసి చేత్తోనే బిగించు. కొత్త ఫిల్టర్లో డీజిల్ పోసి పెట్టమని చాలామంది చెబుతారు. నేను పొయ్యలేదు. మనం పోసేది వడపోయని డీజిల్, అది పొరపాటున బయటికెళ్లే గొట్టం వైపు పడితే ఫిల్టర్ ఎందుకింక?

గొట్టాలు, బ్యాటరీ వైరు మళ్లీ తగిలించాక లోపల చేరిన గాలి తియ్యాలిగా. ట్యాంకులో పంపు ఉన్న బండైతే తాళం ఆన్ చేసి పది సెకన్లు ఆగు, స్టార్ట్ చెయ్యకుండా ఆఫ్ చెయ్. అలా ఐదారుసార్లు. చేతిపంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కు. నాకు రెండుసార్లు స్టార్ట్ అవ్వలేదు. గుండె జారిపోయింది. మూడోసారి కాస్త వణికి అందుకుంది. ఇంజన్ తిరుగుతుండగా ఇంజెక్టర్ గొట్టాలు మాత్రం వదులు చెయ్యకు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

నీది పెట్రోలు కారైతే ఇదంతా నీకు పనికిరాదు. ఇప్పటివాటిలో చాలావాటికి ఫిల్టర్ ట్యాంకులో పంపుతోపాటే ఉంటుంది. డీజిలే అయితే మోడలు, ఏ సంవత్సరమో రాయి, ఇక్కడ షాపులో అడిగి ఉంచుతాను.

డ్రమ్ము ఇప్పుడు రేకుల షెడ్డు కింద పడుకుని ఉంది. అమ్మ సీసా కోసం అడుగుతోంది, ఇంకా ఇవ్వలేదు.

నీ
బావ