దుబాయ్‌లో గాలిగోపురం

నాన్నా,

మొన్న ఫోన్‌లో నువ్వు "పని కోసం పోయినోడివి, పడవలెక్కి ఫోటోలు పెడుతున్నావేందిరా" అన్నప్పుడు నేను సరిగా జవాబు చెప్పలేదు. గదిలో ఇంకో అయిదుగురు ఉన్నారు, వాళ్లలో ఇద్దరు నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నారు, అందుకని సరే నాన్నా అని పెట్టేశాను. కానీ నాలుగు రోజులుగా ఆ మాటే మనసులో తిరుగుతోంది. అందుకే కూర్చుని రాస్తున్నా. అమ్మకి కూడా చదివి వినిపించు.

ముందు డబ్బు సంగతి చెప్తాను, నీ టెన్షన్ అదే కదా. కరామాలో బెడ్ స్పేస్‌కి, అంటే గదిలో ఒక మంచానికి, నెలకి 700 దిర్హమ్‌లు, కరెంటు, నీళ్లు, వైఫై అన్నీ అందులోనే. దిర్హమ్ అంటే మన డబ్బుల్లో దాదాపు 24 రూపాయలు. పొద్దున కుబూస్ రొట్టె, గుడ్డు. మధ్యాహ్నం అన్నం, పప్పు గదిలోనే వంతులేసుకుని వండుకుంటున్నాం. సాయంత్రం ఒక కరక్ టీ. అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి, కందిపొడి ఇంకా ఉన్నాయి. ఊరు చూడ్డానికి నేను పెట్టుకున్న లెక్క వారానికి 30 దిర్హమ్‌లు, అవి అయిపోతే ఆ వారం ఇక నడకే. నువ్వు షాపులో వైండింగ్ వైరు లెక్క రాసినట్టే తారీఖు వేసి చిన్న పుస్తకంలో రాస్తున్నా.

ఇక్కడ శని, ఆదివారాలు ఆఫీసులకు సెలవు. మిగతా అయిదు రోజుల్లో ఏసీ మెకానిక్ పనికి నాకు ఇంటర్వ్యూ తగిలేది ఒక రోజో రెండు రోజులో. మొదటి రెండు వారాలు ఖాళీ రోజులన్నీ గదిలోనే గడిపాను. పై మంచం మీద పడుకుని ఫోన్ చూడ్డం, మోగితే ఉలిక్కిపడి లేవడం, మోగకపోతే సిగ్నల్ ఉందో లేదో చూసుకోవడం. ఒకరోజు షార్జాలో ఇంటర్వ్యూకి పోతే సూపర్‌వైజర్ కండెన్సర్ గురించి ఏదో చిన్న ప్రశ్న అడిగాడు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిందే, నాకు నోరు పెగల్లేదు. బయటికొచ్చి బస్టాపులో కూర్చున్నాక అర్థమైంది, రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటే మనిషి అట్టా అయిపోతాడని. మర్నాడు పొద్దున్నే నడవడం మొదలుపెట్టాను.

నువ్వు ఫోటోలో చూసిన పడవని అబ్రా అంటారు. సముద్రం ఊరి మధ్యకి ఒక పాయలా చొచ్చుకొచ్చింది, దాన్ని క్రీక్ అంటారు, ఇవతల బర్ దుబాయ్, అవతల దేరా. భూమిలో చమురు దొరక్క ముందు ఈ ఊరు బతికింది ఈ నీళ్ల మీదే, ముత్యాలు, చేపలు, సరుకుల పడవలు. ఇసుక మేట వేసి పడవలు రావడం కష్టమైపోతే 1960 ప్రాంతంలో తవ్వి లోతు చేశారు, వ్యాపారం అక్కడి నుంచి పుంజుకుంది. అవతలి గట్టుకి ఒక్క దిర్హమ్. చెక్క పడవ, నడిమధ్య బల్ల మీద ఇరవై మంది దాకా రెండు వైపులా నీళ్లకేసి తిరిగి కూర్చుంటాం, నడిపేవాడు మధ్యలో గుంతలాంటి చోట ఇంజిన్ దగ్గర నిలబడి ఉంటాడు. డబ్బులు చేతికే ఇవ్వాలి. ఇంత ఖరీదైన ఊళ్లో ఒక్క దిర్హమ్‌కి అయిదారు నిమిషాలు నీటి మీద గాలి పీల్చుకోవచ్చంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది. వారానికి ఒకసారైనా ఎక్కుతాను నాన్నా, ఇది మాత్రం మానుకోను.

అవతలి గట్టున దిగితే సుగంధ ద్రవ్యాల బజారు, అది దాటితే బంగారం బజారు. అమ్మకి చెప్పు, కుంకుమపువ్వు, ఏలకులు, గులాబీ మొగ్గలు, నల్లగా ఎండిపోయిన నిమ్మకాయలు బస్తాల్లో పోసి పెట్టారు, ఆ నిమ్మకాయల్ని ఇక్కడివాళ్లు కూరల్లో, పులుసుల్లో వేస్తారు. చేపల పులుసుకి మన మామిడికాయ ముందు ఇది ఆగదని నా నమ్మకం. బంగారం బజారులో ఒక షాపు అద్దం వెనక దాదాపు 64 కిలోల ఉంగరం పెట్టారు, రాళ్లతో కలిపి. చూడ్డానికి ఏమీ అడగరు. అక్కకి ఫోటో పంపాను, ఇంకా జవాబు రాలేదు.

ఇప్పుడు నీకు చెప్పాలనుకున్న అసలు సంగతి. బర్ దుబాయ్ గట్టు వెంబడి నడిస్తే అల్ ఫహీదీ అని పాత పేట వస్తుంది. ఇరాన్ వైపు నుంచి వచ్చిన వర్తకులు నూరేళ్ల కిందట కట్టుకున్న ఇళ్లు అవి. గోడలకి సముద్రంలోంచి తీసిన పగడపు రాయి, పైన జిప్సం పూత, ఇరుకు సందులు. ఆ ఇళ్ల మీద నలుచదరంగా గోపురాల్లాంటివి లేచి ఉంటాయి, నాలుగు పక్కలా తెరిచి ఉంటాయి, బర్జీల్ అంటారు. నేను మొదట గుడి లాంటిదేమో అనుకున్నా. దగ్గరికి పోయి తల పైకెత్తి చూస్తే లోపల అడ్డగోడలు ఇంటూ గుర్తులా కట్టి ఉన్నాయి. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా ఆ గోడకి తగిలి కిందికి దిగి గదిలోకి వస్తుంది, గదిలో వేడెక్కిన గాలి రెండో పక్క నుంచి పైకి పోతుంది. అంతే. మోటారు లేదు, గ్యాస్ లేదు, కంప్రెసర్ లేదు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో కరెంటు రాకముందు మనుషులు దీని కిందే పడుకున్నారు.

కింద నిలబడ్డాను నాన్నా, మెడ మీద చల్లగా తగిలింది. వెంటనే మన నెల్లూరు రంగనాయకస్వామి గుడి గాలిగోపురం గుర్తొచ్చింది. చిన్నప్పుడు నువ్వు నన్ను కోవూరు నుంచి సైకిల్ మీద పెన్న వంతెన దాటించి తీసుకుపోయి ఆ గోపురం కింద నిలబెట్టి "గాలి తగులుతోందా, అందుకే దీన్ని గాలిగోపురం అంటారు" అని చెప్పావు చూడు. పేరు అక్కడిది, పని మాత్రం ఇక్కడి గోపురం చేస్తోంది. ఏసీ మెకానిక్‌గా ఏడేళ్లు పని చేశాను, ఫ్యాన్లు చుట్టే నాన్న దగ్గర పెరిగాను, గాలిని ఇట్టా దించొచ్చని నా బుర్రకి ఒక్కసారైనా తట్టలేదు. ఆ రోజు అక్కడే రెండు గంటలు ఉండి ప్రతి సందూ తిరిగాను, నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకున్నాను, ఫోటో తీసి పంపుతాను చూడు. ఈ పేటలో చాలా ఇళ్లు 1980ల్లో కూల్చేశారంట, మిగిలినవాటిని బాగు చేసి ఉంచారు. సందుల్లో తిరగడానికి టికెట్ లేదు.

దానికి పూర్తిగా వ్యతిరేకం బుర్జ్ ఖలీఫా. 828 మీటర్లు, 2010 జనవరిలో తెరిచారు. పైకి ఎక్కాలంటే టికెట్ నా అయిదు వారాల తిరుగుడు ఖర్చు కన్నా ఎక్కువే, ఎక్కలేదు. పక్కన మాల్ బయట చీకటిపడ్డాక నీళ్లు పాటకి తగ్గట్టు లేస్తాయి, అది గట్టున నిలబడి ఎవరైనా చూడొచ్చు, మాల్ లోపల పెద్ద చేపల తొట్టి కూడా బయటి నుంచి ఉచితంగానే కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ బిల్డింగ్ ఏసీల నుంచి కారే నీళ్లన్నీ ట్యాంకులోకి పట్టి చెట్లకు పెడతారన్న సంగతే ఎక్కువ నచ్చింది. మన షాపు ముందు ఏసీ పైపు కింద అమ్మ బకెట్ పెట్టి కరివేపాకు చెట్టుకి పోసేది కదా, అదే పని.

మెట్రోలో డ్రైవర్ ఉండడు. పైన కరెంటు తీగ కూడా లేదు, పట్టాల పక్కన మూడో పట్టాలోంచి 750 వోల్టుల డీసీ తీసుకుంటుంది. దగ్గర్లోకి 3 దిర్హమ్‌లు, ఇంకొంచెం దూరమైతే 5, ఎంత దూరమైనా 7.50. రోజంతా ఎన్నిసార్లయినా తిరిగే పాస్ 20. నేను ఒక ఆదివారం ఆ పాస్ కొని ఈ చివర నుంచి ఆ చివరికి పోయి అల్ కూజ్, జబల్ అలీ, ఏ స్టేషన్ దగ్గర ఏ కంపెనీల వర్క్‌షాపులున్నాయో రాసుకున్నాను, దారిలో జబల్ అలీ గుడికి పోయి దండం పెట్టుకుని దాని దగ్గరే ఉన్న గురుద్వారాలో కడుపునిండా తిన్నాను. ఎవరని అడగరు, పళ్లెం ఇచ్చి కూర్చోమంటారు. రొట్టె రెండు చేతులా పట్టుకోవాలి. అప్పుడు అమ్మే గుర్తొచ్చింది, రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో తడుచుకుంటూ నాకోసం ఉద్యోగ రొట్టె పట్టిన అమ్మ.

పోయిన శనివారం రాస్ అల్ ఖోర్ పోయాను. క్రీక్ లోపలి చివర, చిత్తడి నేల. బస్సు దిగి చాలా దూరం నడవాలి. ఒడ్డున చెక్కతో చిన్న గది కట్టి దుర్భిణి పెట్టారు, అక్కడ నిలబడి చూస్తే రాజహంసలు, వందల్లో, తల నీళ్లలో ముంచి నడుస్తున్నాయి. వెనకాల దూరంగా బుర్జ్ ఖలీఫా. ఆ చెక్క గదిలో ఉన్న కేరళ అతను ఇవి ఎక్కడెక్కడి నుంచో వస్తాయని వివరంగా చెప్తుంటే, మా వైపు పులికాట్‌లో కూడా వాలతాయి, ఊరంతా పండగ చేస్తాం అని నేను చెప్పాను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద మనం బస్సు కిటికీలోంచి చూసినవి ఇవే నాన్నా. ఇప్పుడు ఆ సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ నాకింకా మన జిల్లాలాగే ఉంటుంది. వాటిని చూశాక ఆ రోజు రాత్రి చాలా రోజులకి బాగా నిద్రపట్టింది.

అబుదాబి పోలేదు. బస్సుకి ఒక వైపు 25 దిర్హమ్‌లు. పెద్ద మసీదు చూడ్డానికి డబ్బు తీసుకోరు గానీ రానుపోను 50 అంటే ఇప్పుడు వద్దనుకున్నా, మొదటి జీతం వచ్చాక పోతాను.

అత్త వాళ్ల చిన్నోడు కూడా విజిట్ వీసా మీద వస్తానంటున్నాడని విన్నాను. వాడికి ఇది తప్పకుండా చెప్పు. దేరాలో ఒక ఏజెంటు నన్ను 2500 దిర్హమ్‌లు కడితే ఆఫర్ లెటర్ ఇస్తానన్నాడు, నేను లేచి వచ్చేశాను. ఇక్కడి చట్టం ప్రకారం పనిలో పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు కంపెనీదే, పనివాడి దగ్గర వసూలు చేయకూడదు. విజిట్ వీసా మీద ఉండి పని చేయడం కూడా నేరం, 2024లో చట్టం మార్చి అట్టా పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా పెట్టారు. "ముందు పని చెయ్యి, వీసా తర్వాత చూద్దాం" అన్నవాడి మాట వినొద్దని చెప్పు. నాకూ ఇద్దరు అన్నారు. చేతిలో డబ్బు తగ్గుతున్నప్పుడు ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు.

నా వీసా 60 రోజులది. ఈ రోజుకి 38.

మొన్న మంగళవారం అల్ కూజ్‌లో ఒక కంపెనీకి పోయాను. విల్లాల్లో ఏసీలు సర్వీసు చేసే పని, రోజుకి నాలుగైదు ఇళ్లు తిరగాలి. ఇంజినీరు నీళ్లు చల్లబరిచే చిల్లర్ మెషీన్ గురించి అడిగాడు, చెప్పాను. రొయ్యల కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా ప్లాంటు గురించి అడిగాడు, లీకైనప్పుడు ఏం చేస్తామో వరసగా చెప్పాను. తర్వాత, వచ్చి నెల దాటింది కదా, ఊరేమైనా తెలుసా, దేరా నుంచి ఇక్కడికి ఎట్టా వస్తావు అన్నాడు. మూడు దారులు చెప్పాను, ఖర్చుతో సహా. అతను పెన్ను కింద పెట్టి నా వైపు చూశాడు. ఉద్యోగం వచ్చిందని చెప్పడం లేదు, వచ్చే బుధవారం మళ్లీ రమ్మన్నారు, అంతే. ఈసారి మాత్రం నోరు పెగిలింది నాన్నా.

అమ్మని బెంగ పెట్టుకోవద్దని చెప్పు. పని దొరికితే వచ్చే పండక్కి ఉద్యోగ రొట్టెలు ఎన్ని పంచుకుంటుందో అన్నీ పంచమను, గోధుమపిండి డబ్బు నేను పంపుతాను. ఇంకో పని ఉంది. బీరువా పై అరలో ఎర్ర ఫైలు ఉంటుంది, అందులో కోల్డ్ స్టోరేజీ వాళ్లిచ్చిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రెండు పేజీలు. నా దగ్గరున్న కాపీలో రెండో పేజీ మీద సీలు కనపడటం లేదు. బస్టాండ్ దగ్గర జిరాక్స్ షాపులో రెండూ రంగులో స్కాన్ చేయించి మంగళవారం రాత్రి లోపల నా వాట్సాప్‌కి పంపించు, ఆ అబ్బాయి పీడీఎఫ్ చేసిస్తాడు.