ఆల్టర్నేటర్ బ్రాకెట్ సరిచేయమని ఐదు వారాలుగా అడుగుతున్నా పట్టించుకోకపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం ముఖ్య అధికారి గారికి,

అయ్యా,

నేను చిలకలూరిపేటలో ఉంటాను. నా లారీని నేనే నడుపుకుంటాను. 2011లో మొదటి బండినీ, 2018లో రెండో బండినీ మీ కంపెనీ దగ్గరే కొన్నాను. మొన్న జనవరిలో రెండో బండి ఇంజన్‌ను విజయవాడలోని మీ సర్వీస్ సెంటర్‌లో దింపించి, లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్పించి పూర్తిగా ఓవర్‌హాలింగ్ చేయించాను. ఆ పనిలో నేను వంక పెట్టేదేమీ లేదు. ఇంజన్ ముందు భాగాన్ని తిరిగి బిగించేటప్పుడు మీవాళ్లు ఒక తప్పు చేశారు. చేతిపనిలో తప్పు ఎవరికైనా జరుగుతుంది. దాన్ని చూడమని అడిగిన మనిషిని ఐదు వారాలుగా గుమ్మం దగ్గరే నిలబెట్టడాన్ని మాత్రం నేను సహించలేకపోతున్నాను.

బండి చేతికొచ్చిన మర్నాడే, వాటర్ పంపునూ, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నూ తిప్పే బెల్ట్ కీచుమనడం మొదలైంది. ఫోన్ చేస్తే మీ సర్వీస్ అడ్వైజర్, "కొత్త బెల్ట్ కదండీ, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది" అన్నారు. నమ్మాను. ఆరో రోజున గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎత్తించుకుని చెన్నై వెళ్తుండగా, ఒంగోలు దాటాక బెల్ట్ తెగిపోయింది. ఛార్జింగ్ లైటు వెలిగింది, వాటర్ పంపు ఆగిపోయి టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. ఆ క్షణమే ఇంజన్ ఆపేశాను కాబట్టి సరిపోయింది గానీ, ఇంకొంత దూరం లాగి ఉంటే కొత్తగా వేసిన పిస్టన్లు పట్టేసేవి.

అక్కడికి వచ్చిన మెకానిక్ బెల్ట్ తిరిగే పుల్లీల మీద స్టీలు స్కేలు ఆనించి చూపించారు. ఆల్టర్నేటర్ పుల్లీ మిగతా వాటి వరసలో లేదు, లోపలికి జరిగి ఉంది. ఆల్టర్నేటర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ వెనక, సరైన ఎడం కోసం ఉండాల్సిన స్పేసర్లు రెండూ లేవు. ఇంటికొచ్చి, పాత పిస్టన్లూ బేరింగులూ వేసి మీవాళ్లు నాకిచ్చిన గోనెసంచి విప్పితే, అందులో ఒక ప్లాస్టిక్ కవరులో ఆ రెండు స్పేసర్లూ, వాటితోపాటు బిగించాల్సిన పొడవాటి బోల్టూ కనిపించాయి. ఆ కవరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

దాన్ని పట్టుకుని మూడుసార్లు విజయవాడ వచ్చాను. మొదటిసారి అడ్వైజర్ కవరు వైపు చూడకుండానే బెల్ట్ అరిగిపోయే వస్తువనీ, దానికి వారంటీ ఉండదనీ చెప్పారు. నేను బెల్ట్ అడగలేదు, బ్రాకెట్ విప్పి చూడమన్నానని నాలుగుసార్లు చెప్పాను. రెండోసారి వచ్చినప్పుడు ఆయన సెలవులో ఉన్నారు, ఆయన రాసుకున్న జాబ్ కార్డు ఎక్కడుందో అక్కడ ఎవరికీ తెలియదు. మూడోసారి మేనేజరు గారి కోసం ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా కూర్చుంటే, దారిలో బయటి మెకానిక్ బెల్ట్ వేశాడు కాబట్టి బాధ్యత మాది కాదన్నారు. నడిరోడ్డు మీద సరుకుతో ఆగిపోయినవాడు ఇంకెవరి చేత వేయించుకోవాలి? పోనీ, ఆ స్పేసర్లు మా ఊరి ఆటోనగర్‌లో వేయించుకుంటానంటే, బ్రాకెట్ మీద బయటివాళ్ల చెయ్యి పడితే ఓవర్‌హాలింగ్ వారంటీ మొత్తం పోతుందని హెచ్చరించారు. గంట పట్టే పనిని మీరు చేయరు, నన్ను చేయించుకోనివ్వరు. ఈలోగా రెండో బెల్ట్ కూడా అంచున పీచులు లేస్తోంది.

మీ కాల్ సెంటర్‌కు ఏడుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ ఛాసిస్ నంబరు మొదటి నుంచి చెప్పడం, ప్రతిసారీ నలభై ఎనిమిది గంటల్లో మాట్లాడతామన్న హామీ. ఒక్కరూ తిరిగి మాట్లాడలేదు. చివరికి ఫిర్యాదు పరిష్కారమైందని నా ఫోన్‌కు సందేశం వచ్చింది. నా బండిని ఎవరూ ముట్టుకోనే లేదు, పరిష్కారమైందని ఎవరు రాశారో నాకు తెలియాలి. బెల్ట్ తెగినదానికన్నా ఆ సందేశమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మా వీధిలో మూడు కుటుంబాలు నా మాట విని మీ బండ్లు కొనుక్కున్నాయి. వాళ్లు ఇప్పుడు నన్ను అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియక తల దించుకుంటున్నాను.

బాధ్యత గల ఒక అధికారి నా ఎదుట ఆ బ్రాకెట్ విప్పించి, స్పేసర్లూ సరైన బోల్టూ వేయించి, పుల్లీలన్నీ ఒకే వరసలో ఉన్నాయని స్కేలు పెట్టి చూపించాలి. వారంటీ కొనసాగుతుందని కాగితం మీద రాసివ్వాలి. తప్పుడు సందేశం పంపినందుకు జవాబు కూడా ఇవ్వాలి. పదిహేను రోజుల్లో ఇవి జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేసి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. లారీ కాబట్టి ఇది వ్యాపార వాహనమని మీరు తప్పుకోలేరు. కేవలం స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొనుక్కుని వాడుకునే వస్తువు వాణిజ్య అవసరం కిందకు రాదని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. ఆ రోజున జాబ్ కార్డు నకలు, నా కాల్ రికార్డులు, ఆ ప్లాస్టిక్ కవరు కమిషన్ ముందు పెడతాను.

ఇట్లు,
లారీ యజమాని, డ్రైవరు,
చిలకలూరిపేట