పదాన్ని పదమనే రాయండి

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ పత్రిక జిల్లా పుటలో వచ్చిన ఒక నృత్య ప్రదర్శన వార్తలో, ‘క్షేత్రయ్య భక్తి కీర్తనకు’ నర్తకి చేసిన అభినయం ప్రేక్షకులను అలరించిందని రాశారు. ఆ సభలో నేనూ ఉన్నాను. ఆమె అభినయించినది కీర్తన కాదు, పదం. రాత్రి మరొకరి ఇంట గడిపి తెల్లవారాక గుమ్మంలోకి వచ్చిన మువ్వగోపాలుణ్ణి నాయిక నిలదీసే పాట అది. అలంకారికులు ఆ నాయికను ఖండిత అంటారు. ఆమె మాటల్లోని ఎత్తిపొడుపును భక్తి అనుకుని వింటే, నర్తకి కనుబొమ ఎందుకు ఎగరేసిందో, పల్లవిని ఏడెనిమిదిసార్లు ఒక్కోరకంగా ఎందుకు పట్టి చూపిందో ప్రేక్షకుడికి అంతుపట్టదు.

ఈ పేర్ల చరిత్ర కొంత చిక్కుగానే ఉందని ఒప్పుకుంటాను. తాళ్లపాక కవుల కాలంలో పదమన్నా సంకీర్తన అన్నా దాదాపు ఒకటే. అన్నమయ్యకు పదకవితా పితామహుడని పేరు రావడానికి కారణం అదే. ఆయన పాటలను రాగిరేకుల మీద చెక్కించినవారు వాటిని అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని విడదీశారే తప్ప రెంటికీ వేర్వేరు ప్రక్రియల పేర్లు పెట్టలేదు. 17వ శతాబ్దిలో, తంజావూరు విజయరాఘవ నాయకుని కొలువు చూసిన క్షేత్రయ్య నాటికి వచ్చేసరికి పదమంటే చౌకకాలంలో, అంటే నెమ్మదైన నడకలో, సాగే శృంగార రచన అన్న అర్థం స్థిరపడింది. అక్కడ మాట్లాడేది చాలావరకు స్త్రీ. ఆమె నాయిక కావచ్చు, చెలికత్తె కావచ్చు. కొన్ని పదాలను పల్లవితో కాక దాని తరువాత రావలసిన అనుపల్లవితో ఎత్తుకునే ఆచారం కూడా ఉంది.

ఇంచుమించు ఆ శతాబ్దిలోనే భద్రాచల రామదాసు పాడుకున్న కీర్తనల తీరు వేరు. ఒకే మెట్టులో, అంటే ఒకే వరుసలో, చరణం తరువాత చరణం సాగిపోతుంది కనుక భజనలో పదిమందీ అందుకోవచ్చు. త్యాగరాజస్వామి (1767–1847) కృతి మళ్లీ ఇంకొక దారి. ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ కొత్తగా మలిచి పాడే సంగతులను ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ రాగం లోతు చూపడం అక్కడి పని. ఆ స్వామే దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కూడా రచించారు. అవి సంగతుల జోలికి పోకుండా భజనగోష్ఠికి ఒదిగేలా ఉంటాయి. ఏ పాటను ఏ అచ్చులో పోయాలో తెలిసి చేసిన పని అది. మనం వాటన్నిటికీ ఒకే చీటీ అంటిస్తున్నాం.

కీర్తనకూ కృతికీ మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా ఉందని నేను వాదించబోను. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ముత్తుస్వామి దీక్షితుల రచనలకు కీర్తనమన్న పేరే కనిపిస్తుంది. కనుక కృతిని కీర్తన అన్న విలేకరిని తప్పుపట్టడం అన్యాయం. కాని అదే గ్రంథంలో పదం, తానవర్ణం, చౌకవర్ణం, దరువు వేటికవి తమ పేర్లతోనే ఉన్నాయి. నూరేళ్ల కిందటి అచ్చుపుస్తకం పాటించిన తేడాను మనం ఈనాడు వదులుకోవడానికి కారణం కనబడదు.

కారణం లేకపోలేదేమో అని కూడా ఒక అనుమానం. పదాలనూ, వాటి తరువాత 19వ శతాబ్దిలో చురుకైన నడకతో వచ్చిన శృంగార గీతాలైన జావళులనూ తరాల తరబడి కాపాడినవారు దేవదాసీ సంప్రదాయానికి చెందిన కళావంతుల కుటుంబాల స్త్రీలు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ దురాచారం పోవలసిందే, అందులో సందేహం లేదు. కాని ఆ స్త్రీల మీద సంఘం చూపిన చిన్నచూపు వాళ్ల పాటకూ అంటుకుంది. పదం అంటే నలుగురిలో మొహమాటం, భక్తి కీర్తన అంటే మర్యాద. ఈ ముసుగు వల్ల పాట బతికినట్టే కనిపిస్తుంది గాని, అందులో మాట్లాడుతున్న మనిషి కనుమరుగైపోతుంది.

నిరుడు మా పట్టణంలో జరిగిన కీర్తనల పోటీలో ఒక పదో తరగతి అమ్మాయి పదం పాడింది. చక్కగా, నింపాదిగా పాడింది. పాట మరీ సాగిందని న్యాయనిర్ణేతలు మార్కులు తగ్గించారు. ఆ అమ్మాయి తప్పల్లా కీర్తన అంటే పదం కూడా అనుకుని పోటీ పేరును నమ్మడమే.

మీ పత్రికలో సభా వార్తలు రాసేవారు వాగ్గేయకారుని పేరు, రాగం, తాళంతో పాటు ప్రక్రియ పేరును కూడా కళాకారులనే అడిగి రాసుకుంటే చాలు. ఒక్క మాట కంటే ఎక్కువ చోటు పట్టదు. గత ఆదివారపు వార్తకు సవరణ వేయదలిస్తే, అక్కడ ‘భక్తి కీర్తన’ అన్న రెండు మాటలు తీసేసి ‘పదం’ అని వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
తెనాలి