మొదటి నెలసరి వచ్చేదాకా

విజయనగరం

చిట్టీ,

నువ్వు ఫోన్లో అడిగినదానికి అప్పుడే చెప్పేదాన్ని గానీ, పక్కన మీ అత్తగారున్నారని నీ గొంతులోనే తెలిసింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. "కడుపు పోయాక గర్భసంచి కడిగేశారు కదా, మళ్లీ కడుపు నిలుస్తుందా?" అన్నావు. నిలుస్తుందమ్మా. తొలి మూడు నెలల్లో, శుభ్రమైన చోట ఒక్కసారి చేసిన డి అండ్ సి, అంటే ఈ కడగడం, వల్ల పిల్లలు పుట్టకుండా పోవడం అరుదు. ఆ అరుదైన సంగతి ఎలా జరుగుతుందో తెలిస్తే దేన్ని కనిపెట్టుకోవాలో నీకే తెలుస్తుంది.

గర్భసంచి లోపలి పొరలో రెండు వరసలుంటాయి. పైవరస నెలనెలా రాలిపోతుంది. అడుగువరస రాలదు, దాంట్లోంచే మళ్లీ పైది పెరుగుతుంది. తోటకూర కోసుకుంటే మోడు చిగురేస్తుంది, వేరుతో పీకితే మడి ఖాళీ. క్యూరెట్ అనే ఇనుప పనిముట్టుతో మరీ లోతుగా గీకితే ఆ అడుగువరస పోతుంది. కడుపుతో ఉన్నప్పుడు గోడ మెత్తగా ఉంటుంది కాబట్టి ఎంత గీకామో చేతికి తెలియదు. పచ్చి గోడలు రెండూ ఒకదానికొకటి ఆనుకుని అతుక్కుంటాయి. దీన్నే ఆషర్‌మాన్ సిండ్రోమ్ అంటారు. ఆషర్‌మాన్ అనే డాక్టరు 1948లో దీన్ని వివరంగా రాశాడు. రెండు మూడుసార్లు గీకించుకున్నవాళ్లకీ, కాన్పయిన రెండు నుంచి నాలుగు వారాల్లో మాయ ముక్క ఉందని గీకినవాళ్లకీ ఈ భయం ఎక్కువ. మన దేశంలో గర్భసంచికి పట్టే టీబీ కూడా ఇలాగే అతికిస్తుంది. అందుకే అతుకులు కనిపిస్తే ముక్క తీసి టీబీ పరీక్షకు కూడా పంపాలి.

నీ డిశ్చార్జి కాగితం తీసి చూడు. 'ఎం.వి.ఎ.' అనో 'సక్షన్' అనో ఉంటే మంచిది. అది ప్లాస్టిక్ గొట్టం పెట్టి లాగడం, ఎం.వి.ఎ.లో అయితే ఆ గొట్టాన్ని 60 మిల్లీలీటర్ల సిరంజికి తగిలిస్తారు. గీకడం కంటే సుతారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గీకడం మాని ఇదే చెయ్యమంటోంది. ఉత్త 'క్యూరెటాజ్' అని ఉన్నా కంగారు పడకు, నెలసరిని కాస్త జాగ్రత్తగా చూసుకో, అంతే.

మొదటి నెలసరి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల్లో వస్తుంది. ఎనిమిది వారాలు దాటినా రాకపోతే, లేదా ఇదివరకు నాలుగురోజులు అయ్యేది ఇప్పుడు మరకలతో సరిపెడితే, నెలనెలా పొత్తికడుపు నొప్పి వచ్చి రక్తం మాత్రం రాకపోతే ఊరుకోకు. స్కానింగ్ ఒక్కటే చేసి "బాగానే ఉంది" అంటే సరిపోదు. హిస్టిరోస్కోపీ అడుగు. సన్న కెమెరా గొట్టం లోపలికి పంపి కళ్లతో చూస్తారు, అతుకులుంటే అప్పుడే కత్తిరిస్తారు. పల్చని అతుకులైతే తీశాక చాలామందికి కడుపు నిలుస్తుంది. దట్టంగా ఉంటే కష్టం, తర్వాతి కాన్పులో మాయ గోడకు పట్టేసే ప్రమాదమూ ఉంది. ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి.

ఇప్పుడు, ఈ రెండు వారాలూ చూడాల్సింది ఇన్ఫెక్షన్. అది గర్భసంచికి అటూ ఇటూ ఉండే, అండం వచ్చే ట్యూబుల్లోకి పాకితే అవి మూసుకుపోతాయి, లేదా కడుపు ట్యూబులోనే నిలుస్తుంది. జ్వరం 100.4 దాటినా, కంపు వాసనతో తెల్లబట్ట అయినా, వరసగా రెండు గంటలపాటు గంటకి రెండు ప్యాడ్లు తడిసినా రాత్రనక పగలనక బేగి ఆసుపత్రికెళ్లు. ఊళ్లో ఆరెమ్పీ ఇంజెక్షన్‌తో సరిపెట్టొద్దు. ఇచ్చిన యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో మానకు. రక్తం పూర్తిగా ఆగేదాకా, కనీసం రెండు వారాలు, అల్లుడుగారిని దూరంగా ఉండమను.

నెలసరి రాకముందే, రెండు మూడు వారాలకే అండం విడుదల కావచ్చు. ఇప్పుడే మళ్లీ కడుపు వద్దనుకుంటే జాగ్రత్త మొదటి కలయిక నుంచే. మూత్రపరీక్ష మూడు నాలుగు వారాలదాకా పాత గర్భం వల్లే రెండు గీతలు చూపిస్తుంది, మోసపోకు. మళ్లీ కడుపుకి ఆరు నెలలు ఆగమనే సలహా 2005 నాటిది. తర్వాతి పరిశీలనల్లో త్వరగా నిలిచినవాళ్లకి నష్టమేమీ కనపడలేదు. ఒక నెలసరి చూసుకుని, మనసు కుదుటపడ్డాక ప్రయత్నించండి. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఇప్పటినుంచే రోజూ వేసుకో. థైరాయిడ్, సుగర్, హిమోగ్లోబిన్ ఒకసారి చూపించు.

నీ రక్తం బి పాజిటివ్ కాబట్టి, నెగెటివ్ వాళ్లకిచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ నీకు అక్కర్లేదు. మీ తోటికోడలు నెగెటివ్ కదా, ఆమెకి ఎప్పుడైనా ఇలా జరిగితే 72 గంటల్లోపు అడగమని చెప్పు.

బొప్పాయి తిన్నావనీ, స్కూటీ ఎక్కావనీ ఎవరన్నా అంటే చెవిన పెట్టకు. తొలి నెలల్లో పోయినవాటిలో దాదాపు సగం క్రోమోజోముల లెక్క తప్పినవే.

తీసిన ముక్కని ల్యాబుకి పంపారా అని అడిగి తెలుసుకో. ముత్యాల గర్భం, అంటే మాయ నీటిబుడగల గుత్తిలా పెరిగేది, అని రాసుంటే లెక్క మారుతుంది. గర్భం హార్మోను చూసే హెచ్‌సీజీ రక్తపరీక్ష సున్నాకొచ్చేదాకా వారం వారం చేయించాలి, డాక్టరు సరేననేదాకా కడుపు తెచ్చుకోకూడదు. రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపు.

ఐరన్ మాత్ర టీతో, పాలతో వేసుకోకు, నిమ్మనీళ్లతో వేసుకో. ఆదివారం తమ్ముడొస్తున్నాడు, చోడిపిండి (రాగిపిండి), బెల్లం పంపిస్తున్నాను. అంబలి తాగాక రెండు గంటలాగి మాత్ర.

మీ అమ్మ