వైకల్యం శాతం లెక్కించే ముందు చికిత్స పూర్తి చేయించండి: కార్మిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్ వైపు నుంచి పనిలో గాయపడినవారు నా దగ్గరికి వస్తుంటారు. 2025 నవంబరు 21న కేంద్ర చట్టమైన సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. దాని కింద మన రాష్ట్రం రాసే నియమాలలో, గాయపడిన కార్మికుడి ఫిజియోథెరపీ ఖర్చును యజమాని లేదా బీమా కంపెనీ చికిత్స జరుగుతుండగానే ఎప్పటికప్పుడు చెల్లించాలని స్పష్టంగా రాయించమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఈఎస్ఐ (ఉద్యోగుల రాష్ట్ర బీమా) కార్డు ఉన్నవారి గురించి కాదు నా విన్నపం. వారికి చూపించుకోవడానికి ఆసుపత్రి ఉంది, పనికి వెళ్లలేని రోజులకు వేతనంలో 90 శాతం వస్తుంది. ఆ పరిధిలోకి రానివారు వేలల్లో ఉన్నారు. నెల వేతనం 21,000 రూపాయలు దాటిన మెషిన్ ఆపరేటర్లు, చిన్న షెడ్లలో నలుగురైదుగురు కలిసి పనిచేసేవారు, మేస్త్రీ కింద పనిచేసే భవన నిర్మాణ కూలీలు. వీరికి ఇన్నాళ్లూ ఆధారం 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టమే. ఇప్పుడు దాని స్థానంలో కోడ్‌లోని అధ్యాయం వచ్చింది.

పాత చట్టంలో 2010లో ఒక మంచి సవరణ చేరింది. పనిలో తగిలిన గాయాల చికిత్సకు అయిన వైద్య ఖర్చును యజమాని కార్మికుడికి తిరిగి ఇవ్వాలి. కోడ్ కూడా దాన్ని కొనసాగించింది. అయితే తిరిగి రావాలంటే ముందు కార్మికుడు జేబులోంచి తీసి పెట్టాలి. పని లేక గదిలో కూర్చున్నవాడు ఎక్కడి నుంచి తెచ్చి పెడతాడు? తాత్కాలికంగా పని చేయలేని కాలానికి చట్టం పదిహేను రోజులకొకసారి నెల వేతనంలో 25 శాతం ఇమ్మంటుంది, అంటే నెలకు సగం జీతం. అదీ పూర్తి జీతంలో సగం కాదు. 2020 జనవరిలో ప్రకటించిన పరిమితి ప్రకారం వేతనం ఎంత ఉన్నా లెక్కలోకి తీసుకునేది 15,000 రూపాయలే. కాబట్టి 22,000 సంపాదించే ఆపరేటర్‌కు, యజమాని పైసా తగ్గించకుండా ఇచ్చినా, వచ్చేది నెలకు 7,500. మా ప్రాంతంలో ఒక్కసారి ఫిజియోథెరపీకి మూడు నాలుగు వందలు అవుతుంది. వారానికి నాలుగైదు సార్లు రమ్మని చెబుతాం. ఎలా వస్తాడు?

రాలేకపోయినవారిలో ఒకరి సంగతి చెబుతాను. ఒడిశా నుంచి వచ్చిన యువకుడు, పవర్ ప్రెస్ కింద కుడి చేయి పడింది. వేళ్లను ముడిచే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి, తెగాయి. ఆపరేషన్ ఖర్చు కంపెనీయే భరించింది, ఆ మేరకు వారు చేయవలసింది చేశారు. డిశ్చార్జి కాగితం మీద సర్జన్ ఫిజియోథెరపీ తప్పనిసరి అని రాశారు. ఆ ఖర్చు మాత్రం ఎవరిదో ఎవరూ తేల్చలేదు. వారం రోజులు వచ్చాడు, ఆ తర్వాత మానేశాడు. కొన్ని నెలలకు మళ్లీ వచ్చినప్పుడు పిడికిలి బిగించమన్నాను. బొటనవేలు తప్ప మిగతా వేళ్లు సగం వంగి ఆగిపోయాయి. వేలి కొసకూ అరచేతికీ మధ్య స్కేలు పెట్టి కొలిస్తే మూడు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంది. చొక్కా గుండీ ఎడమ చేత్తో పెట్టుకుంటున్నాడు. సైకిలు బ్రేకు నొక్కలేడు. ఆపరేషన్ బాగానే జరిగింది, కుట్లు చక్కగా మానాయి. చేయి మాత్రం పనికి రాలేదు.

ఇందులో వైద్యపరంగా అర్థం కానిది ఏమీ లేదు. కుట్టిన టెండన్‌ను సరైన స్ప్లింటు (చేతిని సరైన భంగిమలో పట్టి ఉంచే ఆధారం) వేసి, మొదటి వారంలోనే, దగ్గరుండి కదిలించడం మొదలుపెట్టాలి. ఎక్కువ కదిలిస్తే కుట్టు తెగుతుంది, కదిలించకపోతే చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కుపోతుంది. ఆ చేత్తో బరువు పట్టడానికి సుమారు 12 వారాలు పడుతుంది. ఈ 12 వారాలు దాటిపోయాక ఎంత డబ్బు ఇచ్చినా పోయిన కదలిక పూర్తిగా రావడం కష్టం. క్లెయిము తేలేసరికి అంతకు ఎన్నో రెట్ల కాలం గడిచిపోతుంది.

అప్పుడు శాతాల లెక్క మొదలవుతుంది. చట్టానికి జతచేసిన షెడ్యూలు, అంటే ఏ గాయానికి ఎంత శాతమో చెప్పే పట్టిక, ప్రకారం ఒక చేతి నాలుగు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 50 శాతం పోయినట్టు, బొటనవేలు పోతే 30, చూపుడువేలు పోతే 14. వేలు ఉండి కూడా పూర్తిగా, శాశ్వతంగా పని చేయకపోతే పోయినట్టే లెక్క. సగం పట్టేసిన వేలికి అందులో అంకె లేదు. సంపాదన శక్తి ఎంత తగ్గిందో డాక్టరు అంచనా వేయాలి, దాని మీద రెండు వైపులా వాదనలు. చికిత్స అందితే తిరిగి వచ్చేదెంత, అందక పోయిందెంత అని అడిగేవారు ఆ వాదనలు జరిగే గదిలో ఉండరు.

నాకు ఇంకా బాధ కలిగించేది పాత చట్టంలోని సెక్షన్ 11, కోడ్‌లోనూ కొనసాగుతున్న నిబంధన. యజమాని ఉచితంగా చూపించిన డాక్టరును కార్మికుడు వద్దన్నా, ఒప్పుకుని ఆయన సూచనలను కావాలని పక్కన పెట్టినా, తగిన వైద్యం తీసుకోక గాయం ముదిరిందని రుజువైతే, ముదిరిన మేరకు పరిహారం రాదు. ఒక రకంగా న్యాయమే. మరి సూచనలు పాటించడానికి డబ్బు లేక గాయం ముదిరితే? ఆ భారం ఖర్చు ఇవ్వని యజమాని మీద పడాలని మన నియమాలలోనైనా రాయండి.

డబ్బు లేనివాడు చికిత్స మానేసి ఊరుకోడు, తక్కువలో అయ్యేదాన్ని వెతుక్కుంటాడు. 'పుత్తూరు కట్టు' అని బోర్డు ఉన్న చోటికి వెళతాడు. నేను ఆ సంప్రదాయాన్ని చులకన చేయను. పెద్ద ఆసుపత్రి గడప తొక్కలేని తరాలకు విరిగిన ఎముక కట్టింది వారే. కానీ ఊరి పేరు పెట్టుకుని ఎవరుపడితే వారు వీధివీధికీ తెరిచిన బోర్డులు వేరు. నలిగిన చేతికి, తెరుచుకున్న గాయానికి బిగించి కట్టు కడితే రక్తం ఆడక వేళ్లే పోవచ్చు. ఇప్పుడు కైరోప్రాక్టిక్ పేరుతో మెడ, వెన్ను విరిచే వీడియోలు చూసి నడుము నొప్పితో అలాంటి చోట్లకు వెళ్లే హమాలీలనూ చూస్తున్నాను. నడుము నొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరి, మూత్రం మీద పట్టు తప్పడం ఉంటే అది వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన కేసు. అది గుర్తించడం నేర్వనివారి చేతికి వెన్ను అప్పగించకూడదు.

అమెరికాలోని కాలిఫోర్నియా ఈ విషయాన్ని చట్టంలోనే తేల్చింది. అక్కడ లైసెన్సు ఉన్న కైరోప్రాక్టర్‌ను కార్మిక పరిహార చట్టం వైద్యుడిగా గుర్తిస్తుంది. 2004 నుంచి జరిగిన గాయాలకు కైరోప్రాక్టిక్ 24 సార్లు, ఫిజియోథెరపీ 24 సార్లు అని పరిమితి ఉంది. ఆపరేషన్ తర్వాతి చికిత్సకు అది వర్తించదు. కార్మికుడు క్లెయిము ఫారం ఇచ్చాక ఒక పనిదినంలోపు చికిత్సకు అనుమతివ్వాలి, క్లెయిము తేలేవరకు 10,000 డాలర్ల దాకా భరించాలి. ఆ 24 అంకెను తెచ్చుకోమని నేను అడగను, ఏ రెండు గాయాలూ ఒకే లెక్కలో మానవు. ముందు చికిత్స, తర్వాత తగాదా అన్న ఆ క్రమాన్ని తెచ్చుకోమంటున్నాను.

మన నియమాలలో ఇలా ఉండాలని నా కోరిక. సర్జన్ చీటీ రాసిన రోజు నుంచే ఫిజియోథెరపీ మొదలవ్వాలి, బిల్లు నేరుగా యజమానికో బీమా కంపెనీకో వెళ్లాలి. అభ్యంతరం ఉంటే ఐదు పనిదినాల్లో కారణంతో రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. క్లినిక్‌కు వచ్చిపోయే ఛార్జీలు కూడా ఇందులోనే కలపాలి. చికిత్స ముగిసేవరకు శాశ్వత వైకల్యం శాతం తేల్చకూడదు, అప్పటిదాకా పదిహేను రోజుల చెల్లింపు ఆగకూడదు. బీమా పాలసీలలో చాలాచోట్ల వైద్య ఖర్చు అదనపు కవర్‌గా, పరిమితితో వస్తోంది. దాన్ని తప్పనిసరి చేయాలి.

మా వృత్తికీ కట్టుబాట్లు పెట్టండి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఫిజియోథెరపిస్టులకు రిజిస్ట్రేషన్ నిర్దేశించింది, ఆ అర్హత ఉన్నవారి బిల్లులే చెల్లించండి. కీలు ఎంత కదిలింది, పట్టు ఎంత పెరిగింది అన్న కొలతలు ప్రతి 12 సార్లకు ఒకసారి సమర్పించమని అడగండి. నెలల తరబడి యంత్రంతో కరెంటు మాత్రం పెట్టి పంపించి బిల్లు వేసేవారు మాలో ఉన్నారు. వారికి కార్మికుడి డబ్బు అందకూడదు.

ఈ నియమాల ముసాయిదాపై అభిప్రాయాలు తీసుకునేటప్పుడు యజమానుల సంఘాలతో, కార్మిక సంఘాలతో పాటు ఫిజియోథెరపిస్టులను, చేతి ఆపరేషన్లు చేసే సర్జన్లను కూడా పిలవండి. నా దగ్గర ఉన్న రికార్డులు, పేర్లు తీసేసి, మీ అధికారుల ముందు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
పటాన్‌చెరు ప్రాంత ఫిజియోథెరపిస్టు