ఉద్దానం కొబ్బరికి నల్లి మందు ఊరంతా ఒకేసారి అందాలి

గౌరవనీయులైన వ్యవసాయ, ఉద్యాన శాఖల మంత్రి గారికి నమస్కారాలు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను నేలకూల్చాక కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు మళ్లీ నాటిన కొబ్బరి కాపుకొస్తోంది. ఆ కాపును ఇరియోఫిడ్ నల్లికి వదిలేయకండి.

పావు మిల్లీమీటరు కూడా ఉండని ఈ నల్లి పిందె ముచ్చిక రేకుల కింద చేరి రసం పీలుస్తుంది. మొదట రేకుల అంచున పాలిపోయిన త్రికోణపు మచ్చ వస్తుంది. అదే గోధుమరంగుకు తిరిగి, పగిలి, జిగురు కారుతుంది. కాయ గిడసబారుతుంది, ఒలవడమూ కష్టమే. వారం పది రోజుల్లో కొత్త తరం తయారై గాలితో పక్క తోటకు పోతుంది. అందుకే ఒక్క రైతు మందు వేస్తే ఆగదు.

వేరు ద్వారా మందు ఎక్కించే పద్ధతి మంచిదే, కానీ చిన్న పొరపాట్లతో చెడుతోంది. పెన్సిలు లావున్న, ఇటుక రంగు లేత వేరును ఏటవాలుగా కోయాలి. 10,000 పీపీఎం (అంటే ఒక శాతం గాఢత) ఉన్న అజాడిరాక్టిన్ అనే వేప మందు 10 మి.లీ., నీళ్లు 10 మి.లీ. కలిపి పోసిన చిన్న ప్లాస్టిక్ సంచిలో కోసిన కొన అడుగు తాకేలా ముంచి కట్టాలి. నల్లబడిన ముదురు వేరు మందు పీల్చదు. మర్నాటికి సంచిలో మందు తగ్గకపోతే ఇంకో వేరు చూసుకోవాలి. 1,500 పీపీఎం సీసా ఇదే మోతాదులో పోస్తే చాలదు. పంపిణీలో ఈ తేడా తప్పక చూడాలి.

డిసెంబరు-జనవరి, ఏప్రిల్-మే, సెప్టెంబరు-అక్టోబరు: ఏటా మూడు దఫాలు. వేసవిలో నల్లి ఉద్ధృతి ఎక్కువ గనుక మొదటి దఫా ఆలస్యం కాకూడదు. చెట్టెక్కే మనిషి దొరికితే లీటరు నీటికి వేపనూనె 20 మి.లీ., వెల్లుల్లి 20 గ్రా., సబ్బు 5 గ్రా. కలిపి లేత గెలల మీద, ముచ్చికలు తడిసేలా కొట్టాలి. చెట్టుకు ఏటా 5 కిలోల వేపపిండి, సరిపడా పొటాష్ కూడా ఉండాలి.

మచ్చపడిన కాయ మళ్లీ బాగుపడదు. ఫలితం కొత్త గెలల్లోనే, నెలల తర్వాత కనబడుతుంది. ఈ సంగతి తెలియకే చాలామంది రెండో దఫా మానేస్తున్నారు.

మూత్రపిండాల జబ్బులతో నలిగిన నేల మాది. తాగే నీటి బావుల పక్కనే తోటలు. మోనోక్రోటోఫాస్ వంటి విషాల జోలికి పోకుండా వేప మందే ఇప్పించండి.

డిసెంబరు మొదటి వారానికి ఊరి లెక్కన మందు చేరాలి. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలతో ప్రతి పంచాయతీలో నలుగురైదుగురు యువకులకు వేరు కట్టడం నేర్పించండి. వారి కూలిని రాయితీలో కలపండి.

ఇట్లు,
ఉద్దానం కొబ్బరి రైతులు,
శ్రీకాకుళం జిల్లా