హార్డ్ డిస్కు కాలిపోలేదు

విజయనగరం,
సెప్టెంబరు 2025

అమ్మలూ,

మూడేళ్ల కిందట దుకాణం కంప్యూటర్‌లో హార్డ్ డిస్కు కాలిపోయిందని నీకు చెప్పాను కదా, అది అబద్ధం. డిస్కు నిక్షేపంలా ఉంది. మీ అమ్మ పట్టుచీరల కింద, పాత క్యాలెండరు కాగితంలో చుట్టి బీరువాలో దాచాను. ఫోనులో చెబుదామంటే నోరు రావడం లేదు. పైగా నువ్వు మధ్యలో ప్రశ్నలు వేస్తావు, నేను మాట మార్చేస్తాను. అందుకని ఉత్తరం. ఇన్నేళ్లు ఊరందరి శుభలేఖలూ కంపోజ్ చేసినవాణ్ణి, చేత్తో రాస్తుంటే నా అక్షరం నాకే కొత్తగా ఉంది. తప్పులుంటే ప్రూఫు దిద్దుకుని చదువుకో.

2022 వేసవి, పెళ్లిళ్ల కాలం. నెల్లిమర్ల నుంచి వచ్చిన ఒకాయన శుభలేఖతో పాటు ఫొటో ఆల్బమ్ కూడా మీరే చేసిపెట్టండి అన్నాడు. మన దగ్గరున్న ఫొటో సాఫ్ట్‌వేరు పాతది, ఆయన కెమెరా ఫైళ్లను తెరవనంది. కొత్తదానికి నెలనెలా అద్దె కట్టాలి. నాకు అలవాటైన దారి నీకు తెలుసు. దుకాణం తెరిచిన రోజున ఒక కుర్రాడు సీడీల సంచీతో వచ్చి విండోసు, పేజీలు కూర్చే పేజ్‌మేకరు, తెలుగు ఫాంట్లు అన్నీ ఎక్కించి, వంద రూపాయలు పుచ్చుకుని వెళ్లాడు. వాటిలో ఒక్కటీ కొన్నది కాదు. అప్పట్లో సాఫ్ట్‌వేరుకు డబ్బు కట్టేవాణ్ణి చూస్తే నాకు జాలి వేసేది.

ఆ రోజూ అలాగే వెతికాను, దొరికింది. జిప్ ఫైలు, దానికి ఒక పాస్‌వర్డ్. ఎంత జాగ్రత్తపరులో అనుకున్నాను! యాంటీవైరస్ లోపలికి తొంగి చూడకుండా ఉండటానికే ఆ పాస్‌వర్డ్ అని తరువాత తెలిసింది. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి అని కూడా రాశారు. క్రాకులకు, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్లకు, అలా రాయడం మామూలే, నేను ఆపేయడమూ మామూలే. వీధి తలుపు తీసి, కుక్కను పెరట్లో కట్టేసి, లోపలికి రండి అన్నట్టు.

రెండుసార్లు నొక్కాను. విండోస్ అప్‌డేట్ అవుతోందని తెర మీద ఒక కిటికీ వచ్చింది. సరే, కానీ అనుకుని మూడు లాంతర్ల దగ్గరకు టీకి వెళ్లాను. టీ తాగి, పైడితల్లమ్మకు దండం కూడా పెట్టుకుని వచ్చేసరికి ప్రతి ఫైలు పేరు చివరా నాలుగు అక్షరాల తోక మొలిచింది. ఏ ఫోల్డరు తెరిచినా ఒక చీటీ. 980 డాలర్లు కడితే ఫైళ్లు తెరుస్తారట. 72 గంటల్లోపు అయితే సగం ధరకే, 490. ఆషాఢం తగ్గింపు లాగా! రూపాయల్లో దాదాపు 38 వేలు. 2017లో వన్నాక్రై అని ఇలాంటిదే ఒకటి వచ్చి ప్రపంచమంతా గగ్గోలు పుట్టినప్పుడు పేపర్లో చదివి, అది ఆస్పత్రులకూ పెద్ద ఆఫీసులకూ వచ్చే జబ్బు, శుభలేఖల దుకాణంతో దానికేం పని అనుకున్నవాణ్ణి.

తరువాత రాత్రిళ్లు కూర్చుని చదివి దాని పని తీరు తెలుసుకున్నాను. నువ్వు చదువుకున్నదే అయినా నాకు అర్థమైన పద్ధతిలో చెబుతాను. వాళ్లు ఫైళ్లకు తాళం వేసి, ఆ తాళంచెవిని గుడి హుండీలో పడేసినట్టు పడేస్తారు. హుండీలో ఎవరైనా వేయవచ్చు, తీయాలంటే దేవస్థానం వారే రావాలి. తాళంచెవి మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, మనకు మాత్రం అందదు. నన్ను పట్టుకున్న రకం పేరు స్టాప్. క్రాకుల వెంట పాకడమే దాని ప్రధాన వృత్తి. అది పని మొదలుపెట్టినప్పుడు ఇంటర్నెట్ అందకపోతే అందరికీ ఒకే రకం తాళం వేస్తుంది, అలాంటి తాళాలు కొన్నింటికి చెవులు బయటపడ్డాయి. నెట్ అందితే మాత్రం ఎవరి తాళం వారికే. రోజుకు నాలుగుసార్లు పోయే మన నెట్ ఆ మధ్యాహ్నం మాత్రం రెప్ప వేయకుండా పనిచేసింది.

డబ్బు కట్టలేదు. మంచితనం వల్ల కాదు, బిట్‌కాయిన్ ఎక్కడ కొనాలో తెలియక. యూరప్ పోలీసులు, కొన్ని యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో నో మోర్ రాన్సమ్ అని ఒకటి మొదలుపెట్టారు, తాళంచెవులు దొరికితే ఉచితంగా ఇస్తారు. అక్కడ అడిగాను, నా దానికి లేదని వచ్చింది. పోలీసులకు చెప్పడానికి మొహం చెల్లలేదు. దొంగ సామాను కొనబోయి జేబు కత్తిరించుకున్నవాడు స్టేషను మెట్లు ఏ ముఖంతో ఎక్కుతాడు?

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. బ్యాకప్ ఉంది. నువ్వే కొనిపెట్టిన ఎక్స్‌టర్నల్ డిస్కు. దాన్ని ఎప్పుడూ తీయకుండా కంప్యూటర్‌కు తగిలించే ఉంచాను. దానికీ తాళం పడింది.

ఇక్కడిదాకా నా నష్టం, నా సిగ్గు. రాయడానికి భయపడుతున్నది ఇది. ఆ సంక్రాంతికి నువ్వు వచ్చినప్పుడు టికెట్ ప్రింటు తీసుకోవడానికి దుకాణం కంప్యూటర్‌లో నీ మెయిల్ తెరిచావు. పాస్‌వర్డ్ గుర్తు పెట్టుకోమంటారా అని బ్రౌజర్ అడిగితే నేనే పక్క నుంచి సరే నొక్కాను, వచ్చేసారి నీకు శ్రమ తప్పుతుందని. స్టాప్ ఒంటరిగా రాదట. చాలాసార్లు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు ఊడ్చుకుపోయే మరో దొంగను వెంట తెస్తుందట. జూన్‌లో నువ్వు గాభరాగా ఫోను చేసి, ఎవరో ఎక్కడి నుంచో నా మెయిల్‌లోకి రాబోయారు నాన్నా, ఫోనుకు కోడ్ వచ్చింది కాబట్టి సరిపోయింది అన్నావు. ఆఫీసు వైఫై మీద అనుమానపడ్డావు. గదిలో ఉండే అమ్మాయితో మాట్లాడటం మానేశానని కూడా చెప్పావు. నేను అప్పుడు ఫోను పట్టుకుని, చూసుకో అమ్మా, ఎవరినీ నమ్మకూడదు అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు. ఆ అమ్మాయి నిన్ను మోసం చేయలేదు. వాళ్లు వచ్చారంటే నా దుకాణం గుండానే వచ్చి ఉంటారు. ఆమె నంబరు నీ దగ్గర ఉంటే ఒకసారి మాట్లాడు. ఆ పాస్‌వర్డ్‌నే ఇంకెక్కడైనా వాడి ఉంటే, ఎంత పాతదైనా సరే, ఈ ఉత్తరం మడవకముందే మార్చు.

ఇప్పుడు కొంచెం మంచి కబురు. 2006లో నేను ఫైళ్లు ఎక్కించి పెట్టిన సీడీలు చూసి, వీటిని మ్యూజియంలో పెట్టు నాన్నా అని నవ్వేదానివి. ఒకసారి రాశాక తిరిగి రాయడానికి వీల్లేని సీడీలవి, పైగా అట్టపెట్టెలో ఉన్నాయి, దొంగ చేయి వాటి మీద పడలేదు. శుభలేఖలకు వచ్చే ముసలమ్మల్ని కూర్చోబెట్టి రాసుకున్న పెళ్లిపాటలు నూటికి పైగా వాటిలో ఉన్నాయి. ఆత్రంగా తెరిచాను. తెర నిండా పిచ్చి గీతలు, గుర్తులు! మా కాలంలో కంప్యూటర్ మీద అచ్చు పేజీలు కూర్చడానికి వాడిన డీటీపీ ఫాంట్లు తెలుగు అక్షరాల్ని ఇంగ్లీషు అక్షరాల గదుల్లో అద్దెకు పెట్టాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అద్దెదారు కనిపించడు, ఇంటి యజమాని కనిపిస్తాడు. అన్ని భాషల అక్షరాలకూ వేరువేరు గదులిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు సొంతంగా 128 గదులు ఎప్పటి నుంచో ఉన్నా, ప్రెస్సు వాళ్లకు పాతదే కావాలని నేను మారలేదు. ఈ పాటలకు ఏ దొంగా తాళం వేయలేదు, నేనే వేశాను. దీన్ని మాత్రం విప్పవచ్చు. ఫాంటు మార్పిడి చేసే ఉపకరణంతో సగం పాటలు మార్చాను. ఒత్తులు, రావత్తులు తారుమారవుతున్నాయి, కూర్చుని దిద్దుతున్నాను. దుకాణంలో ఇప్పుడు బేరాలు తక్కువ, పెళ్లికొడుకులే ఫోనులో శుభలేఖ చేసుకుని పంపేస్తున్నారు, కాబట్టి తీరికకు లోటు లేదు.

ఆ తరువాత కొన్న పాత కంప్యూటర్‌కు డబ్బు కట్టి మరీ విండోస్ 10 వేయించాను, నవ్వకు. ఈసారి పైడితల్లమ్మ సిరిమాను పండుగ అక్టోబరు 7న. సరిగ్గా వారానికి, 14న, విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోతున్నాయి. ఈ యంత్రం 11కి పనికిరాదట, అందులో అడిగే చిప్పు దీనిలో లేదు. విండోస్ బదులు ఉచితంగా వాడుకోమని నువ్వు పదేళ్లుగా చెబుతున్న లినక్స్ వేయడానికి నేను సిద్ధం. పండక్కి వచ్చినప్పుడు పక్కన కూర్చుని చూపించు, నువ్వే చేసేయకు. పేజ్‌మేకర్ బదులు స్క్రైబస్ ప్రయత్నించాను, ఒత్తులు సరిగ్గానే పడుతున్నాయి. ఉచిత తెలుగు ఫాంట్లు వెతుకుతుంటే ఒకదాని పేరు గురజాడ! ఎవరైనా దర్జాగా వాడుకోవచ్చు, క్రాకు అక్కర్లేదు. ఆయన ఇంటి ముందు నుంచి రోజూ స్కూటర్ మీద వెళుతూ, ఇన్నాళ్లూ దొంగ ఫాంట్లతో ఈ ఊరి తెలుగు అచ్చు వేశాను. వస్తూ ఒక చిన్న డిస్కు తీసుకురా. దాన్ని నీ దగ్గరే ఉంచుకుందువుగాని, నా చేతికి ఇవ్వకు.

ఇంకొక్కటి. పొందూరులో మీ నాన్నమ్మ మాటలు రికార్డు చేశాను, గుర్తుందా? వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఎలా దువ్వాలో, నూలు ఎలా తీయాలో చెప్పింది. అదీ ఆ డిస్కులోనే చిక్కుకుంది. పోయిందనుకుని మీ అమ్మకు కూడా చెప్పలేదు. పోయిన నెల తెలిసింది, ఆ దొంగ తొందరలో ఒక్కో ఫైలుకు మొదటి 150 కిలోబైట్లకే తాళం వేస్తాడట. పేజ్‌మేకర్ ఫైలుకు తల పోతే మొండెం ఎందుకూ పనికిరాదు. ఎంపీ3 అలా కాదు, ఎక్కడ తెగితే అక్కడి నుంచి మళ్లీ పాడుతుంది. తోక తీసేసి, పాడైన ముక్క కోసేసి పెట్టాను. ఆవిడ గొంతు వచ్చింది. నలభై నిమిషాల్లో పోయినది తొమ్మిదిన్నర సెకన్లు. ఇప్పుడు అది "...అని మీ తాత అనేవాడు" అన్న దగ్గర మొదలవుతోంది. ఆయన ఏమనేవాడో ఎంత తలచుకున్నా నాకు గుర్తు రావడం లేదు. ఆ రోజు నువ్వు ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని పడుకుని ఉన్నావు, వినే ఉంటావు. గుర్తుంటే రాసి పంపు.

నాన్న